ఫ్లోరైడు నీటికి ఏ పద్ధతి మేలు? అనంతపురం పల్లెల లెక్కలో నాలుగు దారులు

అనంతపురం జిల్లా పల్లెల్లో మంచినీటి మాట వచ్చినప్పుడల్లా చర్చ రెండు ప్రశ్నల దగ్గరే తిరుగుతూ ఉంటుంది. ఊళ్లో ఆర్వో ప్లాంటు పెట్టించుకోవాలా, లేక పైపులైను నీళ్లు వచ్చేదాకా ఆగాలా? నిజానికి మన ముందున్న దారులు నాలుగు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే నల్గొండ పద్ధతి మొదటిది. యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల మీదుగా నీటిని వడగట్టేది రెండవది. పల్చటి పొర గుండా నీటిని ఒత్తిడితో పంపే ఆర్వో మూడవది. బోరు నీటి జోలికే పోకుండా నది నీటిని ఊరికి తెచ్చుకునే పైపులైను నాలుగవది. మొదటి మూడూ ప్రజాధనంతో నడిచిన కెమికల్ ఇంజినీరింగ్ పరిశోధనలో పుట్టినవో, దాని అండతో ఊళ్ల దాకా వచ్చినవో. కాబట్టి ఏది మేలని విచారిస్తే, ఆ పరిశోధనకు ప్రభుత్వాలు పెట్టిన డబ్బు మన కడవలోకి ఏ రూపంలో చేరిందో కూడా తెలుస్తుంది.

ముందు ఎముకలను దెబ్బతీసే ఫ్లోరైడు జబ్బు మూలం చూడాలి. ఈ జిల్లాలోనూ, కర్నూలు జిల్లా పడమటి భాగంలోనూ నేల కింద ఎక్కువగా ఉన్నవి గ్రానైటు, నైసు రాళ్లు. వాటిలోని ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడు కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం తగినంత ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి గడ్డకట్టి కొంతవరకు అడ్డుపడుతుంది గానీ, బైకార్బనేటు ఎక్కువై కాల్షియం తగ్గిన క్షార జలాల్లో ఆ అడ్డు ఉండదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే చోట నీళ్లు రాళ్ల సందుల్లో చాలాకాలం నిలిచి ఉంటాయి, బోర్లేమో ఏటికేడు లోతుకు పోతాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు దాకా ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు కూడా 1.5. అయితే అలాంటి హద్దులు రోజుకు రెండు లీటర్ల చొప్పున తాగే మనిషిని దృష్టిలో పెట్టుకున్నవి. ఎండాకాలంలో ఉపాధి హామీ పనికి పోయే మనిషి ఐదు లీటర్లు తాగడం ఇక్కడ వింతేమీ కాదు. ఆ నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉంటే ఆ ఒక్క రోజుకే 20 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది. సంగటి ఎసరులోనూ, పప్పు ఉడికిన నీటిలోనూ పోయేది దానికి అదనం. నీళ్లు కాచితే దోషం పోతుందన్న నమ్మకం ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఆవిరయ్యేది నీరే గానీ ఫ్లోరైడు కాదు.

ఫ్లోరైడుకు రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. అందువల్ల ఏ పద్ధతినైనా తూచేటప్పుడు అది బాగా పనిచేస్తున్న రోజున ఎంత ఫ్లోరైడు తీస్తుందన్నది నాకు రెండో ప్రశ్న. అది పాడైన రోజున ఊరికి తెలుస్తుందా, తెలియదా అన్నది మొదటి ప్రశ్న. ప్రయోగశాలలో మొదటి మూడు పద్ధతులూ నెగ్గుతాయి. ఊళ్లో ఏది నిలబడుతుందో ఈ మొదటి ప్రశ్నే తేలుస్తుంది.

నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించింది. అది శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి కింద, అంటే పూర్తిగా ప్రజల సొమ్ముతో నడిచే ప్రయోగశాల. ఇంట్లో చేసుకునే తీరు ఇది. అడుగుకు కాస్త పైన కొళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టులో నీళ్లు పోసి, సున్నం, బ్లీచింగ్ పౌడరు, తర్వాత పటిక ద్రావణం కలిపి, పది నిమిషాల పాటు నిదానంగా తిప్పాలి. పటికలోని అల్యూమినియం తెల్లటి మెత్తని తునకలుగా ఏర్పడుతుంది. ఫ్లోరైడు ఆ తునకలకు అంటుకుని, గంటసేపు కదపకుండా ఉంచితే వాటితోపాటు అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీటిని కొళాయి ద్వారా పట్టుకోవాలి. కరెంటు అక్కరలేదు, దుకాణంలో దొరకని సరుకు ఏదీ లేదు. పటికకూ సున్నానికీ లాభం పెద్దగా ఉండదు గనుక ఏ కంపెనీ ఇలాంటి పద్ధతి కోసం ఏళ్ల తరబడి డబ్బు పెట్టి ఉండేది కాదు. ప్రభుత్వ పరిశోధన అవసరం ఎందుకో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించదు.

అంత మెచ్చుకున్నా, నేడు దీన్ని ఇంటింటి పద్ధతిగా నేను సిఫారసు చేయను. కారణం మోతాదు. మామూలు ఏటి నీటి మడ్డిని తేర్చడానికి లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాముల పటిక సరిపోతే, ఇక్కడ వందల మిల్లీగ్రాములు కావాలి. పైగా ఆ మోతాదు ఫ్లోరైడును బట్టే గాక నీటి క్షారత్వాన్ని బట్టి కూడా మారుతుంది. పక్కపక్క వీధుల్లోని రెండు బోర్లకు రెండు మోతాదులు పడవచ్చు. ఒకే బోరుకు వానాకాలంలో ఒకటి, ఎండాకాలంలో మరొకటి పడవచ్చు. పటిక తక్కువైతే ఫ్లోరైడు మిగులుతుంది, సున్నానికీ పటికకూ పొత్తు కుదరకపోతే అల్యూమినియం నీటిలో మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ పైకి తేరిన నీరు అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. రోజూ ఇంత కొలత పాటించే బాధ్యత చివరికి ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

యాక్టివేటెడ్ అల్యూమినా ఈ మోతాదు బెడదను తప్పిస్తుంది. బాక్సైటు నుంచి తీసిన అల్యూమినాను తగిన వేడిమి మీద కాల్చి, లోపల లెక్కలేనన్ని సన్నని రంధ్రాలుండే గుళికలుగా చేస్తారు; నీరు వాటి మీదుగా పోతుంటే ఫ్లోరైడు ఆ రంధ్రాల గోడలను పట్టుకుంటుంది. ఐఐటీ కాన్పూర్ 1990ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో దీన్ని ఇళ్లలో వాడే ఫిల్టరుగానూ, చేతిపంపుకు తగిలించే పరికరంగానూ మలచింది. నీరు వృథా కాదు, ఉప్పుల పాలు పెద్దగా మారదు, కరెంటు అవసరం లేదు. చిక్కంతా ఆ గుళికల నిల్వశక్తి నిండిపోయాక మొదలవుతుంది. కిలో అల్యూమినా ఒక గ్రాము ఫ్లోరైడును పట్టుకుంటుందని, ఫిల్టరులో మూడు కిలోలు ఉన్నాయని, 4 మిల్లీగ్రాముల నీటిని 1కి దింపాలని అనుకుందాం. లీటరుకు 3 మిల్లీగ్రాములు తీయాలి కాబట్టి వెయ్యి లీటర్లకు ఆ శక్తి అయిపోతుంది. రోజుకు 20 లీటర్లు వాడే ఇంటికి అది యాభై రోజుల మాట. నీరు క్షారంగా ఉన్నకొద్దీ ఆ గడువు ఇంకా తగ్గుతుంది, మన బోరు నీళ్లేమో సాధారణంగా అలాంటివే. యాభై ఒకటో రోజున కొళాయి నుంచి అదే నీరు అదే ధారగా వస్తుంది. పరీక్ష చేస్తే తప్ప ఎవరికీ తెలియదు. ఆ తర్వాత గుళికలను సుమారు ఒక శాతం కాస్టిక్ సోడాతో కడిగి, పలుచటి ఆమ్లంతో సరిచేయాలి. కడిగిన నీటిలో ఫ్లోరైడు ఎంతో గాఢంగా ఉంటుంది, దాన్ని వీధి కాలువలో పారబోయకూడదు. ఈ పని ఇంట్లో చేయదగింది కాదు. మండల కేంద్రంలో ఒకేచోట కడిగి, గ్యాస్ సిలిండరు మార్చినట్టుగా నిండిన డబ్బా తీసుకుని కొత్తది ఇచ్చే ఏర్పాటు ఉంటేనే ఈ పద్ధతి బతుకుతుంది.

ఆర్వో కథ దూరదేశంలో మొదలైంది. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే పరిశోధన కోసం అమెరికా ప్రభుత్వం 1952లో ప్రత్యేక చట్టం చేసి డబ్బు కేటాయించింది. ఆ సొమ్ముతో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పనిచేసిన వారు సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఉప్పును ఆపుతుందని కనిపెట్టారు గానీ, దాని గుండా నీరు చుక్కచుక్కగా తప్ప దిగలేదు. 1959 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి ఆ ముడి విప్పారు. పైన అతి పల్చని గట్టి పొర, కింద స్పంజిలాంటి ఆధారం ఉండేలా మెంబ్రేనును, అంటే ఆ వడపోత పొరను, పోతపోసి, వేడినీటిలో పదును పెట్టడమే వారి కిటుకు. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగా పట్టణానికి ఆ మెంబ్రేనుతోనే తాగునీరు అందింది. నేటి ప్లాంట్లలో ఉండే పాలీఅమైడ్ మెంబ్రేనుకు ఆద్యుడు జాన్ కాడొట్. దాని పేటెంటు మీద రెండు కంపెనీలు పోట్లాడుకుంటే, ఆ ఆవిష్కరణ ప్రభుత్వ కాంట్రాక్టు కింద జరిగింది గనుక హక్కు అమెరికా ప్రభుత్వానిదేనని అక్కడి అప్పీలు కోర్టు 1992లో తేల్చింది. మన దేశంలో భావనగర్‌లోని ఉప్పు పరిశోధన సంస్థ, భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్), హైదరాబాదులోని రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ మెంబ్రేన్ల మీద ఏళ్ల తరబడి కృషి చేశాయి. లీటర్ల లెక్కన నీళ్లు అమ్మే వ్యాపారమంతా ఆ పరిశోధన పక్వానికి వచ్చాక అల్లుకున్నదే.

పల్లెలో ఆర్వోకు ఉన్న పెద్ద బలం ఫ్లోరైడును బాగా తీయడం ఒక్కటే కాదు. మెంబ్రేను చిరిగినా, సీలు జారినా శుద్ధి నీటిలో ఉప్పులు పెరుగుతాయి. నీటిలో కరిగిన ఉప్పులను కొలిచే, చవకగా దొరికే టీడీఎస్ మీటరును గ్లాసులో ముంచితే ఆ సంగతి అప్పుడే బయటపడుతుంది. మీటరు ఫ్లోరైడును కొలవదు, నిజమే. కానీ నిన్న 60 చూపిన మీటరు నేడు 300 చూపితే ఆ క్యాను పట్టుకోకూడదని చెప్పడానికి ఇంజినీరు రానక్కరలేదు. నా మొదటి ప్రశ్నకు పరికరాలన్నిటిలోకీ ఇదొక్కటే సూటిగా జవాబిస్తుంది.

దాని లోపం ఇంకో పైపులో ఉంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న నీటిలో సగం శుద్ధి నీరుగా, సగం పొర దాటక ఉప్పులతో బయటికి పోయే తోడునీరుగా విడిపోయిందనుకుంటే, శుద్ధి నీటిలో 0.4 మిగిలినప్పుడు తోడునీటిలో 7.6 చేరుతుంది. చాలా ఊళ్లలో ఆ పైపు తిన్నగా మురుగు కాలువలో కలుస్తుంది, ఆ కాలువ కుంటలోకి పోతుంది, ఆ కుంటలో గొర్రెలు, ఎనుములు తాగుతాయి. గిన్నెలు తోమడానికో, మరుగుదొడ్డికో వాడితే కొంత నయం. నీటికి కటకటలాడే జిల్లాలో సగం నీటిని ఇలా వదిలేయడం ఎవరికైనా బాధే. కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయన్నది మరొక లోపం. ఫ్లోరైడు బారిన పడిన ఎముకకు కాల్షియం మరింత అవసరం. 2014లో రాష్ట్రంలో మొదలైన సుజల స్రవంతి పథకంలో 20 లీటర్ల ధర రెండు రూపాయలుగా ఉండేది. ఆ ధరకు కూడా చాలా ఇళ్లలో క్యాను నీరు తాగడానికి మాత్రమే ఉంచి, వంటకు బోరు నీళ్లే వాడేవారు. వంటకు కూడా క్యాను నీరే వాడకపోతే ప్లాంటు చేసిన మేలులో గణనీయమైన భాగం పొయ్యి మీదే కరిగిపోతుంది.

పైపులైను విషయానికి వస్తే, 1990ల మధ్యలో సత్యసాయి ట్రస్టు సొమ్ముతో అప్పటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరందించిన పథకం అందరికీ తెలిసిందే. చిత్రావతి, పెన్న అహోబిలం జలాశయాల నుంచి వచ్చే ఆ నీటికి, హంద్రీనీవా ద్వారా శ్రీశైలం నుంచి జీడిపల్లికి చేరే నీటికి రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన దోషం లేదు. పటిక, ఇసుక వడపోత, క్లోరిన్ చాలు. తాగడానికీ, వంటకూ, స్నానానికీ ఒకే నీరు వస్తుంది. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. తోడునీరు లేదు, కడగాల్సిన గుళికలు లేవు. పాడైతే దాచడం కుదరదు, కొళాయే ఎండిపోతుంది. కానీ పైపు పగిలి వారం రోజులు నీళ్లు రాకపోతే ఊరు తిరిగి బోరు దగ్గరికే పోతుంది, దుష్ఫలితం అక్కడ మళ్లీ మొదలవుతుంది.

కాబట్టి నా తీర్పు ఊరిని బట్టి మారుతుంది. పైపులైను చేరగలిగిన ఊరికి అదే మొదటిది. మిగతా మూడింటినీ దానికి పోటీగా నిలబెట్టడం తగదు. పైపులైను రాని ఊళ్లో బోరు నీటి టీడీఎస్ 500 లోపు ఉండి ఫ్లోరైడు మాత్రమే ఎక్కువైతే, కడిగే కేంద్రం అందుబాటులో ఉందన్న షరతు మీద అల్యూమినా మేలు; ఉప్పూ ఫ్లోరైడూ రెండూ ఎక్కువైతే ఆర్వో తప్పదు, తోడునీరు ఎండకు ఆవిరయ్యేలా గుంట తవ్విన తర్వాతే దానికి మోటరు బిగించాలి. నల్గొండ పద్ధతిని శిక్షణ పొందిన మనిషి నడిపే సామూహిక ప్లాంటుకు పరిమితం చేయాలి. ఏది పెట్టినా, గులాబి రంగు పసుపుకు తిరిగితే ఫ్లోరైడు ఉందని చెప్పే పరీక్ష కిట్టు ఒకటి గ్రామ సచివాలయంలో ఉండాలి. బార్క్ ఇలాంటి కిట్టు రూపొందించి చాలాకాలమే అయింది. పరిశోధనకు ఇకమీద డబ్బు పెట్టేవారు కొత్త మెంబ్రేన్ల కంటే తోడునీటి మీద, వాడేసిన అల్యూమినా మీద పెడితే ఈ జిల్లాకు ఎక్కువ ఉపయోగం.

ఇక పైపులైను వచ్చిందని ఆర్వో ప్లాంటుకు తాళం వేసే ఊళ్లకు ఒక మాట చెప్పాలి. ఊరికే పడి ఉన్న మెంబ్రేను మీద బంక పట్టి, రంధ్రాలు మూసుకుపోతాయి. కొన్ని రోజులకొకసారి కాసేపు నడపాలి, లేదా ఒక శాతం సోడియం మెటాబైసల్ఫైట్ ద్రావణం నింపి మూసిపెట్టాలి. ఈ పని చేయకపోతే పైపులైను ఆగిన ఏప్రిల్ నెలలో తాళం తీసినా ఆ ప్లాంటు నుంచి తాగదగిన నీళ్లు రావు.