4కే 60 పెట్టాలా, 2.7కే చాలా?

యాక్షన్ కెమెరా చేతికి రాగానే అందరం చేసే పని ఒకటే. మెనూలోకి వెళ్లి అన్నిటికన్నా పెద్ద అంకె ఎక్కడుందో వెతికి పెట్టేస్తాం. నేనూ అంతే. 4కే, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 60 ఫ్రేములు), ఇంకేం కావాలి అనుకుని హెల్మెట్‌కి బిగించి బైక్ రైడ్ మొత్తం తీశాను. ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పెడితే ఇంజిన్ శబ్దం ముందుకెళ్లిపోతోంది, బొమ్మ మాత్రం మొదటి మలుపు దగ్గరే బిగుసుకుపోయింది. కాసేపటికొకసారి ఫోటో మార్చినట్టు మారుతోంది. మెమరీ కార్డు పోయిందనుకుని కొత్తది కొన్నాను. మళ్లీ అదే తంతు. చివరికి విసుగొచ్చి అదే ఫైల్‌ని ఫోన్‌లోకి కాపీ చేసి చూస్తే ఎక్కడా తడబడకుండా ఆడింది!

అంటే ఫైల్‌ బాగానే ఉంది, మోయలేనిది నా లాప్‌టాప్. అందులో ఉన్నది నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్. కెమెరా ఆ ఫైల్‌ని కుదించి రాసింది హెచ్‌ఈవీసీ, అదే హెచ్.265, అనే పద్ధతిలో. అలా కుదించిన వీడియోని పూర్తిగా విప్పే హార్డ్‌వేర్ ఇంటెల్ చిప్పుల్లోకి ఆరో తరంతో వచ్చింది. రంగుల మెట్లు ఎక్కువుండే 10 బిట్ రకానికైతే ఏడో తరం కావాలి. ఫోన్‌లో ఆ పనికి విడిగా సర్క్యూట్ ఉంది కాబట్టి దానికి చెమట పట్టలేదు. లాప్‌టాప్ మొత్తం పనిని ప్రాసెసర్ నెత్తిన వేసుకుని చేతులెత్తేసింది. అప్పట్నుంచి సెట్టింగ్ పెట్టేముందు కెమెరా సత్తాకన్నా ఎడిటింగ్ చేసే కంప్యూటర్ సత్తా చూస్తున్నాను.

అసలు పోటీ ఎవరి మధ్య?

ఒక చిన్న లెక్క వేద్దాం. 4కే ఫ్రేమ్‌లో 3840×2160, అంటే దాదాపు 83 లక్షల పిక్సెళ్లు. 2.7కేలో సుమారు 41 లక్షలు, సగం. 1080పీలో 21 లక్షలకి కాస్త తక్కువ, పావు వంతు. వీటిని ఫ్రేమ్ రేట్‌తో గుణిస్తే తమాషా బయటపడుతుంది. 4కే 30, 2.7కే 60, 1080పీ 120, ఈ మూడింటిలోనూ కంప్యూటర్ సెకనుకి విప్పాల్సినవి ఇంచుమించు 25 కోట్ల పిక్సెళ్లే. 4కే 60కి మాత్రం దానికి రెట్టింపు, 50 కోట్లు.

కాబట్టి 4కే 60ని కాసేపు పక్కన పెట్టి మిగతా మూడింటినీ చూడండి. బరువు ఒకటే, ఆ బరువుకి బదులుగా ఏం కొనుక్కుంటున్నామన్నదే తేడా. 4కే 30లో వివరం వస్తుంది, 2.7కే 60లో కదలిక, 1080పీ 120లో స్లో మోషన్.

చివరికి వీడియోని 1080పీలో ఇచ్చేవాళ్లకి 4కే 30 పెద్ద వరం. ఫ్రేమ్‌లో పావు భాగాన్నే కత్తిరించి వాడుకున్నా పూర్తి 1080పీ మిగులుతుంది. వైడ్ లెన్స్‌లో మనిషి చీమంత కనిపించే చోట ఇది ప్రాణం నిలబెడుతుంది. నడక, ప్రయాణం, ప్రకృతి, కెమెరా ముందు మాట్లాడటం లాంటివాటికి నా ఓటు దీనికే.

2.7కే 60 సైకిల్, బైక్, ఈత, పరుగు లాంటివాటికి. ఎడిటర్‌లో క్లిప్పులు పేర్చే టైమ్‌లైన్‌ని 30 ఎఫ్‌పీఎస్‌కి పెట్టి అందులో వేస్తే సగం వేగానికి తగ్గించుకునే వీలుంటుంది, 60లోనే ఇస్తే రోడ్డు నీళ్లలా జారుతుంది. 1080పీ 120ని మామూలు సెట్టింగ్‌గా అస్సలు పెట్టొద్దు. నాలుగు రెట్లు స్లో చేయాలని ముందే అనుకున్న గెంతు, తుళ్లింత, అంతవరకే. చాలా కెమెరాల్లో ఈ మోడ్ బొమ్మ మిగతావాటికన్నా వివరం తగ్గి మెత్తగా ఉంటుంది, వెలుతురు తగ్గితే మరీ అధ్వాన్నం.

ఇంకొకటి, బిట్‌రేట్, అంటే కెమెరా సెకనుకి ఎంత డేటా రాస్తుందన్నది. కెమెరా గరిష్ఠంగా 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) రాస్తుందనుకోండి. 4కే 30లో ఒక్కో ఫ్రేమ్ వాటాకి సగటున 3.3 మెగాబిట్లు వస్తాయి. అదే బిట్‌రేట్‌తో 4కే 60 తీస్తే 1.7 మాత్రమే. ఆకులు, గడ్డి, కంకర వేగంగా కదిలే చోట ఆ తేడా మసకగా, ముద్దగా కనిపిస్తుంది. 4కే 60ని నేను వద్దనడానికి ఇది రెండో కారణం. అన్నట్టు 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే. వీ30 కార్డు 30 మెగాబైట్లకి హామీ ఇస్తుంది కాబట్టి అసలైన వీ30 కార్డు ఉంటే చాలు. నాలా కార్డుని అనుమానించి డబ్బులు తగలేయకండి.

హెచ్.264నా, హెచ్.265నా?

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది తలనొప్పి ఇక్కడే పుడుతుంది. హెచ్.264 2003 నాటిది, హెచ్.265 2013 నాటిది. కొత్తది దాదాపు సగం బిట్‌రేట్‌లో అదే నాణ్యత ఇచ్చేలా తయారైంది. చూడ్డానికైతే దీనిదే గెలుపు. ఎడిటింగ్‌కొస్తే కథ వేరు.

కెమెరా ప్రతి ఫ్రేమ్‌నీ పూర్తిగా రాయదు. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేమ్ రాసి, తర్వాతివాటిలో మారినంత మేరకే రాసుకుంటూ పోతుంది. నేరుగా ప్లే చేస్తే ఇబ్బంది లేదు, వరసలో విప్పుకుంటూ పోవచ్చు. కానీ టైమ్‌లైన్ మీద ఎక్కడో మధ్యలో వేలు పెట్టారనుకోండి. కంప్యూటర్ వెనక్కి వెళ్లి దగ్గర్లోని పూర్తి ఫ్రేమ్‌ని పట్టుకుని, అక్కణ్ణుంచి ఒక్కొక్కటే కట్టుకుంటూ మీరు అడిగిన ఫ్రేమ్ దాకా రావాలి. వెనక్కి ప్లే చేస్తే ప్రతి అడుగుకీ ఇదే గోల. రెండు కోడెక్‌లకీ, అంటే ఈ రెండు కుదింపు రకాలకీ, ఈ పద్ధతే, కాకపోతే హెచ్.265లో విప్పే లెక్క మరింత బరువు. అందుకే ప్లేయర్‌లో హాయిగా ఆడిన ఫైల్ ఎడిటర్‌లో మొండికేస్తుంది.

పాత కంప్యూటరైతే, కెమెరాలో ఎంపిక ఉంటే, హెచ్.264 మేలు. హార్డ్‌వేర్ సాయం ఉన్న కంప్యూటరైతే హెచ్.265 పెట్టుకోండి. అయితే 4కే 60 లాంటి పెద్ద మోడ్‌లకి చాలా కెమెరాలు హెచ్.265 తప్ప వేరే దారి ఇవ్వవు. గోప్రో హీరో 6 బ్లాక్ నుంచే 4కే 60 ఇలా వస్తోంది.

అప్పుడు దారి ప్రాక్సీ. అసలు ఫైల్‌కి చిన్న నకలు తయారుచేసి దానితో కోతలన్నీ పూర్తిచేస్తే, ఎక్స్‌పోర్ట్ సమయంలో సాఫ్ట్‌వేర్ అసలుని తెచ్చి పెట్టుకుంటుంది. దీనికి బదులు అన్నిటినీ ఎడిటింగ్ కోసం చేసిన ప్రోరెస్ అనే ఫార్మాట్‌లోకి మార్చేయమని కొందరు సలహా ఇస్తారు. ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉంటుంది కాబట్టి టైమ్‌లైన్ పరుగెడుతుంది, నిజమే. కానీ 4కే 30కి ప్రోరెస్ 422 సుమారు 590 ఎంబీపీఎస్ తింటుంది, గంటకి 265 జీబీ. నా డిస్క్ అంత పెద్దది కాదు, మీది పెద్దదైతే కానివ్వండి.

24, 25, 30?

60 హెర్ట్జ్ స్క్రీన్ మీద 30 సమంగా సరిపోతుంది, ఒక్కో ఫ్రేమ్ రెండేసి సార్లు. 24కి ఒకటి మూడుసార్లు, మరొకటి రెండుసార్లు చూపాలి, అందుకే కెమెరా పక్కకి తిరిగినప్పుడు చిన్న కుదుపు. సినిమా కళ కోసం 24 పెడతామంటే సరే, యాక్షన్ కెమెరాలో నాకది రుచించలేదు. 50 హెర్ట్జ్ కరెంటు దీపాల కింద తీస్తుంటే మాత్రం 25 లేదా 50కి మారండి, లేదంటే బొమ్మ మినుకుమినుకుమంటుంది. ఒకే వీడియోలో 25నీ 30నీ కలపకండి.

ఎండలో తీసిన 30 ఎఫ్‌పీఎస్ వీడియో సాఫీగా ఆడుతున్నా ముక్కలుముక్కలుగా అనిపిస్తే నేరం ఫ్రేమ్ రేట్‌ది కాదు. లెన్స్ రంధ్రం మారదు కాబట్టి కెమెరా షట్టర్ వేగాన్ని వెయ్యో వంతు సెకన్ దాటి కూడా పెంచేస్తుంది, కదలికలో ఉండాల్సిన చిన్న మసక మాయమవుతుంది. లెన్స్ మీద పెట్టి వెలుతురు తగ్గించే నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టర్‌తో 1/60కి దగ్గరగా తేవచ్చు. కుదుపులెక్కువైన రైడ్‌లో మాత్రం వద్దు. స్టెబిలైజేషన్ ఫ్రేమ్‌ని నిలబెడుతుంది గానీ అందులోని మసకని తుడవలేదు, బొమ్మ ఉండుండి వణికినట్టు కనిపిస్తుంది.

కొన్నాళ్లుగా నా కెమెరా 4కే 30 మీద ఉంటోంది, బైక్ ఎక్కితే 2.7కే 60. ఆ మొదటి రైడ్‌ని కూడా పారేయలేదు. రాత్రంతా ప్రాక్సీలు తయారవుతుంటే పడుకున్నాను, పొద్దున్నే అదే నాలుగో తరం లాప్‌టాప్ మీద, ఆ మొదటి మలుపు దగ్గర, తొలి కోత పడింది.