టర్కిష్ క్రియలు: ఇంగ్లీషు మీదుగానా, నేరుగా తెలుగు నుంచా?

కోనసీమలో కూర్చుని టర్కిష్ మొదలుపెట్టే ఎవరికైనా ముందు వచ్చే సందేహం ఇదే. ఇంగ్లీషులో అందరూ వాడే 'గెట్' క్రియతో చూద్దాం.

ఖర్చు: ఇంగ్లీషు దారిలో ఉచిత యాప్‌లు, నిఘంటువులు బోలెడు. తెలుగు దారిలో పుస్తకం దొరకడం కష్టం, నోట్సు మనమే రాసుకోవాలి.

శ్రమ, రిస్కు: టికెట్ తీసుకోవడానికైతే 'గెట్' అంటే 'అల్మక్'. బస్సెక్కడానికి 'బిన్మెక్', అలసిపోవడానికి 'యొరుల్మక్', అర్థం చేసుకోవడానికి 'అన్లమక్'. ఇంగ్లీషులో ఆలోచిస్తే అన్నిచోట్లా 'అల్మక్' వాడేసే ప్రమాదం ఉంది. తెలుగులో ఎలాగూ ఇవి వేర్వేరు క్రియలే కాబట్టి ఆ టెన్షన్ లేదు. పైగా రావులపాలెంలో మనం 'బస్సు ఎక్కాను' అన్నట్టే వాళ్లు 'ఒతొబ్యుసె బిందిమ్' అంటారు. క్రియ చివర్లోనే వస్తుంది, మన 'ను'లాగే వాళ్ల 'మ్' కూడా ఎక్కింది నేనేనని చెప్పేస్తుంది. నాకైతే ఇదే అన్నిటికన్నా పెద్ద లాభం.

ఇంగ్లీషు ధారాళంగా వచ్చి, పరీక్ష దగ్గరపడినవాళ్లకు ఇంగ్లీషు దారే మేలు. మాట్లాడటం కోసమైతే, అందులోనూ తెలుగు మీడియంలో చదివినవాళ్లయితే, పదం ఇంగ్లీషులో వెతికినా వాక్యం మాత్రం తెలుగులోంచే కట్టుకోండి.