పీపాలో పండిన బెల్జియం ఏల్: బ్రస్సెల్స్‌లో పోయిన 32 యూరోలు, ఏసెన్‌లో తీరిన కోపం

ముందు ఆ 32 యూరోల సంగతి. బ్రస్సెల్స్ గ్రాన్ ప్లాస్ పక్క సందులో ఒక కెఫే. బయట నల్లబల్ల మీద సుద్దముక్కతో "బ్యారెల్ ఏజ్డ్ డార్క్ ఏల్స్, ఐదు గ్లాసుల ఫ్లైట్, 32 యూరోలు" అని రాసి ఉంది. ఏల్ అంటే బీరులో ఒక రకం, ఫ్లైట్ అంటే రుచి చూడ్డానికి ఒకేసారి ఇచ్చే చిన్న గ్లాసుల వరస. గ్లాసుకు 10 సెంటీలీటర్లు, అన్నీ కలిపినా అర లీటరు. చెక్క పలక మీద ఐదూ లోపలే పోసి తెచ్చారు. ఒక్కదానికీ నురగ లేదు. గ్లాసుల బయట చెమట కారుతోంది, అంటే ఫ్రిజ్‌లోంచి నేరుగా వచ్చాయన్నమాట. రెండింటిలో పీపా వాసనే లేదు, ఉత్త డార్క్ ఏల్. మూడోదాంట్లో విస్కీ ఘాటు ముక్కుకు కొట్టింది గానీ, నాలుక మీద ఓక్ చెక్క వగరు జాడ కూడా లేదు. సీసాలు చూపించమంటే పారేశామన్నారు. బిల్లులో బీర్ల పేర్లు లేవు, "ఫ్లైట్ 1" అని మాత్రం ఉంది. మాతో వచ్చిన బావ ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

మోసం ఎక్కడ జరిగిందో పట్టుకోవాలంటే ఈ బీరు ఎలా తయారవుతుందో కొంచెం తెలియాలి. బెల్జియం స్ట్రాంగ్ డార్క్ ఏల్స్‌లో ఆల్కహాల్ సాధారణంగా 8 నుంచి 12 శాతం. ఆ ముదురు రంగు మాడ్చిన మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వల్ల వచ్చిందనుకుంటారు చాలామంది. ఎక్కువ భాగం క్యాండీ షుగర్‌ది. పేరుకు పటికబెల్లమే గానీ, నిజానికి షుగర్ బీట్ దుంప చక్కెరను నల్లబడేదాకా కాచిన పాకం. ఎండుద్రాక్ష, ఖర్జూరం, కాస్త మాడిన బెల్లం రుచులు ఆ పాకం నుంచీ ఈస్ట్ నుంచీ వస్తాయి. తర్వాత ఈ బీరును ఓక్ పీపాలో నెలల తరబడి ఉంచితే చెక్క నుంచి వెనిలా, కొబ్బరి వాసనలు, టానిన్ వగరు దిగుతాయి. పీపాలో అంతకు ముందున్న కోన్యాక్ (ద్రాక్ష బ్రాందీ), రమ్, కాల్వడోస్ (ఆపిల్ బ్రాందీ) తన వంతు వేస్తుంది. చెక్కలోంచి గాలి మెల్లగా లోపలికి దిగి షెర్రీ లాంటి రుచి తెస్తుంది. పాత వైన్ పీపా అయితే చెక్క సందుల్లో ఉండే బ్రెట్టానోమైసెస్ అనే ఈస్ట్, బ్యాక్టీరియా కలిసి సన్నటి పులుపు కలుపుతాయి.

పీపాలోంచి తీసేసరికి బీరులో గ్యాస్ ఉండదు, అంత ఆల్కహాల్‌లో ఈస్ట్ కూడా అలిసిపోయి ఉంటుంది. అందుకే సీసాలో నింపేటప్పుడు కొత్త ఈస్ట్, కొంచెం చక్కెర వేస్తారు. ఆ ఈస్ట్ పనిచేయకపోతే సీసా చప్పగా ఉంటుంది. అది బ్రూవరీ తప్పు, ఎప్పుడో ఒక సీసాకు జరుగుతుంది. ఐదుకు ఐదూ చప్పగా ఉన్నాయంటే మాత్రం ముందు రోజు తెరిచిన సీసాలే.

కాబట్టి ఫ్లైట్ జోలికి పోకండి. జంటగా కొనండి: అదే బ్రూవరీది మామూలు సీసా ఒకటి, పీపాలో పండించినది ఒకటి. రెండూ మీ బల్ల దగ్గరే తెరవమనండి. బెల్జియంలో మంచి కెఫే ఏదైనా అడగకపోయినా అలాగే చేస్తుంది. ఆ బీరు పేరున్న గ్లాసు తెచ్చి, మీ ముందే పోసి, అడుగున వేలెడు మడ్డి సీసాలోనే వదిలేస్తారు. ముందు మామూలుది, తర్వాత పీపాది తాగాలి. వరస తిప్పితే మామూలుది నీళ్లలా అనిపిస్తుంది. 12 నుంచి 14 డిగ్రీల దగ్గర తాగితేనే చెక్క వాసన పైకి వస్తుంది. ఫ్రిజ్ చలిలో వాసనలు పైకి రావు. సీసా చల్లగా వస్తే గ్లాసును అరచేతుల్లో పట్టుకుని పావుగంట ఆగండి.

ఈ పద్ధతికి అన్నిటికన్నా తేలికైన జంట చిమే అనే మఠం బీరుది. మామూలుది బ్లూ, 9 శాతం. 2015 నుంచి వస్తున్న పీపా గ్రాండ్ రిజర్వ్ 10.5 శాతం. ఏ పీపాలో పండించారో లేబుల్ మీద రాసి ఉంటుంది. కోన్యాక్‌ది ముందు కొనండి, రమ్‌ది తీపి ఎక్కువ. చిమే ఊరికి రైలు లేదు. మఠంలో బీరు కాచే చోటికి సందర్శకులను పోనివ్వరు, దగ్గర్లోని పోటోప్రే సత్రంలోనే తాగడం, చీజ్ తినడం. ఒక రోజంతా బస్సులకు ఖర్చు చేసేంత తేడా అక్కడ లేదు. బ్రూజ్‌లో ఒక సీసాల దుకాణంలో 75 సెంటీలీటర్ల కోన్యాక్ సీసా మాకు 19.50 యూరోలకే దొరికింది. ముగ్గురికి పాతిక సెంటీలీటర్ల చొప్పున సరిగ్గా సరిపోతుంది. బ్రస్సెల్స్ ఫ్లైట్‌తో పోల్చి బావ లెక్క వేశాడు, మళ్లీ కోపం వచ్చింది.

ఇక పశ్చిమ ఫ్లాండర్స్. రైల్లో పోపెరింగె చేరి సైకిళ్లు తీసుకోవడం ఉత్తమం. రోజుకు ఒక్కోటి 15 యూరోలు పడింది, గది అల్పాహారంతో 94. చుట్టూ హాప్ (బీరుకు చేదునిచ్చే తీగ) తోటలు, దారి చదును. వెస్ట్‌వ్లెటెరెన్ మఠం ఎదురుగా ఉన్న ఇన్ డె వ్రెడె కెఫేలో ఆ మఠం వాళ్ల 10.2 శాతం 'పన్నెండో నంబరు' బీరు తాగొచ్చు. చాలా గొప్ప బీరు, కానీ అది పీపాలో పండినది కాదు. పీపా కోసం అక్కడికి వెళ్లి నిరాశపడేవాళ్లు చాలామంది. అసలు జంట పక్కనే ఊస్ట్‌వ్లెటెరెన్‌లో పాత బడి భవనాన్ని బ్రూవరీగా మార్చుకున్న స్ట్రూయిసె వాళ్లది. పానెపాట్ మామూలుది, ఫ్రెంచ్ ఓక్‌లో పండిన రిజర్వా, ఆపైన కాల్వడోస్ పీపాలోకి కూడా మారిన గ్రాండ్ రిజర్వా. మూడూ 10 శాతం దగ్గరే కాబట్టి తేడా అంతా చెక్కదే. చెక్క ఏం చేస్తుందో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. పానెపాట్ అనే పేరు సముద్రతీరంలోని డె పానె ఊరి పాత చేపల పడవలది.

ఒక హెచ్చరిక. 33 సెంటీలీటర్ల 10 శాతం సీసాలో 33 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన దగ్గరి 42.8 శాతం విస్కీ లెక్కన అది 77 మిల్లీలీటర్లు, పెద్ద పెగ్గు కన్నా ఎక్కువే. తీపి వల్ల అది తెలియదు. బెల్జియంలో మద్యం పరిమితి కారుకు ఎంతో సైకిల్‌కూ అంతే, లీటరు రక్తానికి అర గ్రాము. మూడు సీసాలు ముగ్గురు పంచుకోండి, సైకిల్ తాళం మర్నాటి దాకా తీయకండి.

కోపం తీరింది ఏసెన్‌లో. డిక్స్‌మ్యూడె స్టేషన్‌లో దిగి మూడు కిలోమీటర్లు నడిస్తే డె డొల్లె బ్రౌవర్స్. 1980లో హెర్టెలేర్ సోదరులు తీసుకున్న పాత బ్రూవరీ. రుచి చూసే గది శని, ఆదివారాల మధ్యాహ్నాలే తెరుస్తారు, వెళ్లే ముందు వేళలు చూసుకోండి. ఊర్‌బియర్ 9 శాతం, బోర్డో వైన్ పీపాల్లో పండిన ఊర్‌బియర్ స్పెషల్ రిజర్వా 13 శాతం. రెండూ పక్కపక్కన పోస్తే రంగులో పెద్ద తేడా లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం మొదటిది ఎండుద్రాక్ష, రెండోది రేగుపండు పులుపు, తోలు, పాత చెక్కపెట్టె. మింగాక నాలుక అంచుల్లో పచ్చి వక్క కొరికినట్టు వగరు పట్టుకుంటుంది. బ్రస్సెల్స్ గ్లాసుల్లో లేనిది సరిగ్గా ఆ వగరే. విస్కీ చుక్క వేసి వాసన తేవచ్చు, వగరు తేలేరు. ఇక్కడ సీసా మన ముందే తెరిచారు, మడ్డి విడిగా కావాలా అని కూడా అడిగారు. మడ్డి వద్దనండి. పాత సీసాలో చచ్చిన ఈస్ట్ సోయా సాస్ వాసన ఇస్తుంది. ఒకటి తాగి ఆపండి, 13 శాతం సీసా అంటే 100 మిల్లీలీటర్ల విస్కీ.

వెనక్కి పంపాల్సిన సీసాలు కూడా ఉంటాయి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాడైంది. సన్నటి పులుపు పర్వాలేదు, గొంతులో వెనిగర్‌లా గుచ్చితే చెడిపోయినట్టే. మూత తీయగానే పొంగిపోయి సగం బల్ల మీద పోతే మార్చమని అడగడం తప్పు కాదు, మాకు ఒకసారి మారు మాట్లాడకుండా మార్చారు.

లేబుల్ కూడా చదవండి. ఫ్రెంచ్‌లో 'బారిక్', డచ్‌లో 'వాటెన్' అంటే పీపాలు. మెహెలెన్‌లో హెట్ అంకర్ బ్రూవరీ వాళ్ల కువే వాన్ డె కైజర్ విస్కీ ఇన్ఫ్యూజ్డ్ మంచి బీరే, సొంత విస్కీ కలుపుతారు, ఆ మాట లేబుల్ మీదే చెబుతారు. పీపా రుచి ఆశించి కొంటే తప్పు మనది. ఘెంట్‌లో డుల్లె గ్రీట్ అనే పబ్‌లో పెద్ద గ్లాసుకు హామీగా మీ బూటు ఒకటి తీసుకుని బుట్టలో పైకప్పుకు లాగేస్తారు. సరదాకు సరే, రుచి చూడ్డానికి మాత్రం కాదు.

ఇంటికి తెచ్చుకునే లెక్క. మన కస్టమ్స్ ఒక్కొక్కరికి 2 లీటర్ల మద్యం వరకే సుంకం లేకుండా వదులుతుంది, బీరు కూడా అందులోనే. 33 సెంటీలీటర్ల సీసాలు ఆరు అంటే 1.98 లీటర్లు. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, ఒక్కో సీసాకు రెండు సాక్సులు తొడిగి బట్టల మధ్య. హైదరాబాద్ ఎండాకాలంలో అలమరాలో పెడితే రెండు నెలల్లో పాడవుతుంది. ఫ్రిజ్ అడుగు అరలో నిలబెట్టండి, తాగే ముందు అరగంట బయట పెట్టండి.

బావ ఏడు కొన్నాడు. ఏడోదాన్ని విమానం ముందు రాత్రి హోటల్ గదిలో, పళ్లు తోముకునే గ్లాసులో పోసుకున్నాడు. నురగ రెండు వేళ్లు లేచింది.