ఊట నేలలో ప్లాస్టిక్ సెప్టిక్ ట్యాంకు: కొన్నేళ్లు వాడాక

కోనసీమలో రెడీమేడ్ ట్యాంకును మించింది లేదని ఇదివరకు అడిగినవాళ్లందరికీ చెప్పాను. ఇటుక ట్యాంకులోకి కారినట్టు ఊట నీరు ఇందులోకి రాదు, గోతిలో నీళ్లు తోడుకుంటూ గోడలు కట్టే బాధా లేదు. ఆ మాట ఇప్పటికీ నిజమే. నా కోపమంతా దాన్ని కట్టిన తీగ మీద.

2,000 లీటర్ల ట్యాంకు ఖాళీగా ఉండి, ఊట నేలమట్టం దాకా వస్తే, దాన్ని పైకి నెట్టే బలం దాదాపు 2 టన్నులు. అందుకే అడుగున 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అంగుళాల మందంతో కాంక్రీటు పలక వేశారు. నీళ్లలో దాని బరువు టన్ను కూడా ఉండదు. మిగతా పట్టు పలక అంచుల మీద కూర్చున్న ఇసుకది. ట్యాంకు పలకకు కట్టి ఉన్నంతవరకే ఈ లెక్క. బిగించినవాళ్లు వాడింది జీఐ తీగ (జింకు పూత పూసిన ఇనుప తీగ), ఇక్కడి ఊటేమో ఉప్పన. తీగ తుప్పుపట్టి తెగినా, ట్యాంకు నిండుగా ఉన్నన్నాళ్లూ తెలియలేదు. భాద్రపదంలో సెప్టిక్ ట్యాంకులు తోడే లారీ వచ్చి లోపలిదంతా అడుగుదాకా లాగేసింది. తెల్లారేసరికి ట్యాంకు 3 అంగుళాలు లేచింది. మరుగుదొడ్డి నుంచి పైపు 10 అడుగులు, వాలు 40కి 1. అంటే ఉన్న వాలే 3 అంగుళాలు! అదీ పోయి నీళ్లు వెనక్కి తన్నాయి.

మళ్లీ బిగించడానికి గోదావరి కాలువలకు నీళ్లు ఆపేసి ఊట దిగేదాకా ఆగాల్సి వచ్చింది. పలక కొత్తగా పోశారు. 16 ఎంఎం ఊచను యూ ఆకారంలో వంచి, కాళ్లు పలకలోని ఊచల జాలీ కిందికి దూర్చి, ఎపాక్సీ రంగు పూసి నాలుగు కొక్కేలు పెట్టారు. వాటికి లారీ లోడుకు బిగించే పాలిస్టర్ బెల్టులు రెండు. ట్యాంకులో మూడో వంతు నీళ్లు పట్టాకే బెల్టు బిగించాలి, ఖాళీగా ఉంటే నడుం నొక్కుకుపోతుంది. లోపల నీళ్లు, బయట ఇసుక అడుగు అడుగు చొప్పున కలిసి లేవాలి. తవ్విన నల్లమట్టి మళ్లీ పోయకూడదు, తడికి ఉబ్బి గోడల్ని నొక్కుతుంది. పలక గట్టిపడి, ట్యాంకు నిండేదాకా గోతి మూల నీళ్లు తోడే ఆయిల్ ఇంజను ఆగకూడదు. కరెంటు మోటారును నమ్ముకుంటే కరెంటు కోత పడిన రాత్రి పలక సిమెంటు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు లారీని వేసవిలోనే పిలుస్తాం. లాగిన వెంటనే నీళ్లు నింపుతాం. ఆ తర్వాత ట్యాంకు కదల్లేదు.

ఇంకుడు గుంత మాత్రం ఇక్కడ దండగ, వానాకాలంలో అదే నిండి ఉంటుంది. ఊట 1.8 మీటర్ల లోపే ఉంటే ట్యాంకు నుంచి బయటికొచ్చే నీటిని నేలపైకి లేపిన దిబ్బలోకి వదలమని సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. మా ఇంటి బేస్‌మెంటు ఎత్తు అడుగున్నరే కాబట్టి ఆ దిబ్బకు అర హెచ్‌పీ మోటారు తప్పలేదు. కొత్తగా కట్టేవాళ్లు బేస్‌మెంటును 3 అడుగులు లేపితే ట్యాంకు సగం నేలపైనే ఉంటుంది, లేపే బలమూ ఇంచుమించు సగమే. మోటారూ అక్కర్లేదు.