జాగ్రత్త: పెట్టె మీద ‘ఫోర్‌కే’, లోపల హెచ్‌డీ రెడీ తెర. చవక 32 అంగుళాల టీవీ కొనేవారు చదవండి

పేరు తెలియని బ్రాండు 32 అంగుళాల టీవీ తక్కువ ధరకు వస్తోందని కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

మా బాబాయి గారు ఖమ్మంలో ఒక దుకాణంలో అలాంటి స్మార్ట్ టీవీ కొన్నారు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ‘ఫోర్‌కే’ అని, దాని కింద కంటికి ఆనని సైజులో ‘సపోర్టెడ్’ అని ఉంది. దుకాణదారు ఆ రెండో మాట ఎత్తనే లేదు. "ఫోర్‌కే టీవీ సార్, ఈ ధరకు ఇంకెక్కడా రాదు" అని మాత్రం పదే పదే చెప్పాడు. ఏడాది తిరక్కుండానే తెర మీద తెల్లటి గుండ్రటి మచ్చలు వచ్చాయి. అడిగితే కంపెనీతో మాట్లాడుకోమంటున్నాడు. వారంటీ కార్డు మీది నంబరుకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంటుంది, ఎత్తే నాథుడు లేడు. పింఛను డబ్బుతో బతికే మనిషిని ఇలా తిప్పడం చూసి నాకు ఒళ్లు మండింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

‘ఫోర్‌కే సపోర్టెడ్’ అంటే ఫోర్‌కే సిగ్నల్ ఇస్తే టీవీ తీసుకుంటుంది, అంతే. ఆ బొమ్మను కుదించి తన తెరకు సరిపెట్టుకుంటుంది. అసలైన ఫోర్‌కే తెరలో అడ్డంగా 3840, నిలువునా 2160 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. మొత్తం 83 లక్షలకు కాస్త తక్కువ. చవక 32 అంగుళాల టీవీల్లో సాధారణంగా ఉండేవి 1366, 768. అంటే పదిన్నర లక్షల దరిదాపుల్లోనే. దీన్ని హెచ్‌డీ రెడీ అంటారు. చిన్న గదిలో వార్తలు, సీరియళ్లు చూసుకోవడానికి హెచ్‌డీ రెడీ సరిపోతుంది. దాన్ని ఆ పేరుతో, ఆ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి ఎక్కువ గుంజడమే అన్యాయం.

సైజు కూడా కొలిపించండి. ఫ్రేమును వదిలేసి, బొమ్మ కనిపించే భాగాన్ని ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపుతో కొలవాలి. 32 అంగుళాలంటే 81 సెంటీమీటర్లు, కంపెనీలు 80 అని రాస్తాయి. బాబాయి గారి టీవీకి 78 కూడా రాలేదు.

దుకాణంలో ఆడే వీడియోను చూసి బొమ్మ నాణ్యతను అంచనా వేయకండి. రంగురంగుల చేపలు, పూలతోటలు, రాత్రివేళ నగర దీపాలు. అవన్నీ అమ్మకం కోసమే తీసిన దృశ్యాలు. పైగా టీవీని ‘వివిడ్’ మోడ్‌లో, వెలుతురు నూటికి నూరు పెట్టి ఉంచుతారు. సెట్‌టాప్ బాక్సు కలిపి ఏదైనా తెలుగు వార్తా చానల్ పెట్టమనండి. కింద పరుగెత్తే స్క్రోలింగ్ దగ్గర కళ్లు నిలపండి. మన లిపిలో ఒత్తులు, గుడులు చిన్నవి. నాసిరకం తెర మీద ‘రాష్ట్ర’ అన్న మాటలో ష కింది ఒత్తులు రెండూ అలుక్కుపోయి ముద్దలా కనిపిస్తాయి. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కూడా వస్తుంది. తక్కువ చుక్కలున్న బొమ్మను బలవంతంగా పదును పెడితే వచ్చే అంచు అది. తర్వాత యాంకర్ ముఖం చూడండి. చర్మం నారింజ రంగులోకి తిరిగితే రంగులు సరిగా లేనట్టే.

ఆ తర్వాత కింద కూర్చుని చూడండి. మన ఇళ్లలో టీవీని గోడకు ఎత్తుగా బిగిస్తాం, చూసేవారు చాప మీదో మంచం మీదో ఉంటారు. కొన్ని చవక ప్యానెళ్లు, అంటే తెరలు, ఎదురుగా నిలబడితే బాగానే ఉంటాయి. కింది నుంచి చూస్తే ముఖాలు నల్లబడతాయి. దుకాణంలో నిలబడి చూసినంత సేపూ ఈ సంగతి బయటపడదు.

ఒక పెన్‌డ్రైవ్‌లో పూర్తి తెలుపు, పూర్తి నలుపు, బూడిద రంగు ఫొటోలు వేసుకుని వెళ్లండి. తెలుపులో మూలలు నీలంగా కనిపించినా, బూడిద రంగులో చారలు ఉన్నా, నలుపులో అంచుల నుంచి వెలుగు కారుతున్నా ఆ సెట్టు వద్దని చెప్పండి.

ఇప్పుడు ఆ మచ్చల సంగతి. చాలా చవక ఎల్‌ఈడీ టీవీల్లో తెర వెనకాల చిన్న బల్బుల పట్టీలు ఉంటాయి. ఒక్కో బల్బు మీద వెలుగును చుట్టూ పరిచే ప్లాస్టిక్ లెన్సు అతికించి ఉంటుంది. జిగురు నాసిరకమైతే వేడికి ఆ లెన్సు ఊడిపోతుంది. అప్పుడు గోడ మీద టార్చిలైటు వేసినట్టు ఒకచోట వెలుగు గుండ్రంగా కనిపిస్తుంది. బాబాయి గారి టీవీకి జరిగింది ఇదే. బయటి మెకానిక్ విప్పి చూపిస్తే లెన్సులు కింది అంచున రాలిపడి ఉన్నాయి. బల్బులకు పరిమితికి మించి కరెంటు ఇచ్చి, తక్కువ బల్బులతోనే ఎక్కువ వెలుగు రప్పించే సెట్లలో ఈ బాధ త్వరగా వస్తుంది. ఇప్పటికే కొన్నవారు సెట్టింగుల్లో బ్యాక్‌లైటు తగ్గించుకుంటే వేడి తగ్గుతుంది.

స్మార్ట్ టీవీ అన్న మాటనూ పరీక్షించండి. గూగుల్ ధ్రువీకరణ లేని ఆండ్రాయిడ్‌తో వచ్చే సెట్లలో కొన్ని ఓటీటీ యాప్‌లు దొరకవు. దొరికినా బొమ్మను తక్కువ నాణ్యతకు దించేస్తాయి. మీరు వాడే యాప్‌ను దుకాణంలోనే తెరిపించి చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది బిల్లు. "జీఎస్‌టీ బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అంటారు. ఆ మాటకు లొంగకండి. ఎస్టిమేట్ చిట్టీతో ఫిర్యాదు నిలబెట్టడం కష్టం. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, తెర రిజల్యూషన్ (చుక్కల లెక్క), వారంటీలో ప్యానెల్ ఉందా లేదా అన్నవి బిల్లు మీదే రాయించండి. నోటితో ఫోర్‌కే అన్న మనిషి కాగితం మీద 3840, 2160 అని రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి.

టీవీ వెనక బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని దగ్గర ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉండాలి. టీవీలకు ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు, బ్రాండు, వస్తువు పేరు వస్తాయి. మా సెట్టు నంబరు కొడితే మరో కంపెనీ చార్జర్ వివరాలు వచ్చాయి. ఇంత తెగింపా అని నివ్వెరపోయాం.

అదృష్టవశాత్తూ బాబాయి గారు జీఎస్‌టీ బిల్లు తీసుకున్నారు. దాంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. పెట్టె ఫొటోలు, మచ్చల వీడియో, బీఐఎస్ యాప్‌లో వచ్చిన వివరాలు జత చేశాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడ రుసుము లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఇలాంటి టీవీ మీ ఇంట్లో ఉంటే, పెట్టె పాత సామాన్ల వాడికి వేసేలోపే దాని ఆరు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి, ఆర్ నంబరు ఈ రోజే చూడండి.