రోలాండ్ ఎఫ్‌పి-30ఎక్స్: గ్రేడ్ పరీక్ష చివరి రోజుల్లో ఎంతవరకు నిలబడింది

మా ఇంట్లో ఈ డిజిటల్ పియానో కొన్నేళ్లుగా రోజూ మోగుతూనే ఉంది. పొద్దున మా అమ్మాయి, రాత్రి భోజనాలయ్యాక నేను. ఇద్దరం ఏబీఆర్ఎస్ఎం (బ్రిటన్‌లోని సంగీత పరీక్షల సంస్థ) పెర్ఫార్మెన్స్ గ్రేడ్లకి దీని మీదే తయారయ్యాం, దీని మీదే వాయించి వీడియో పంపాం. కొనేముందు అందరూ ఎన్ని టోన్లున్నాయి, బ్లూటూత్ ఉందా అని అడుగుతారు కానీ, పరీక్ష ఇంకో వారం ఉందనగా అవేవీ అక్కరకు రావు. అప్పుడు కీ మాట వినాలి, పెడల్ మాట వినాలి, అంతే.

ఈ పరీక్ష సంగతి తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. 2020లో మొదలైన ఈ పద్ధతిలో స్కేల్స్ (స్వరాల వరసలు), సైట్ రీడింగ్ (కొత్త నొటేషన్ చూసి అప్పటికప్పుడు వాయించడం), ఆరల్ టెస్టులు (విని చెప్పేవి) ఉండవు. నాలుగు పీసులు, ఒక్కోదానికి 30 మార్కులు, మొత్తం ప్రదర్శనకి కలిపి ఇంకో 30. 150కి 100 వస్తే పాస్, 120 వస్తే మెరిట్, 130 వస్తే డిస్టింక్షన్. నాలుగూ ఒకే టేకులో వాయించాలి, మధ్యలో కెమెరా ఆపకూడదు, ఎడిటింగ్ చేయకూడదు. మూడో పీసు చివర్లో వేలు తడబడితే మళ్లీ మొదటి పీసు నుంచే. అందుకే చివరి రోజుల్లో చేయాల్సిన సాధన మామూలు సాధనలా ఉండదు.

కీల గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే నాకు దీనిలో బాగా నచ్చినవి అవే. 88 కీలూ బరువుగానే ఉంటాయి, ఎడమవైపు కాస్త ఎక్కువ, కుడివైపుకి వెళ్లేకొద్దీ తక్కువ. ఒక కీని బాగా నెమ్మదిగా నొక్కి చూడండి, సగం దాటాక వేలికి చిన్న అడ్డు తగిలినట్టు ఉంటుంది, దాన్ని దాటితేనే శబ్దం వస్తుంది. అసలు పియానోలో, సుత్తి తీగకి తగిలే ముందు కీ దాన్ని వదిలేసే చోటు అలాగే తెలుస్తుంది. మా అమ్మాయి నెమ్మది పీసు చివరి నాలుగు బార్లలో (తాళం లెక్కన విడగొట్టిన గళ్లు) కుడిచేతి కార్డులన్నీ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) చాలా మెల్లగా రావాలి, పై స్వరం మాత్రం మిగతావాటి మీద తేలాలి. ఆ అడ్డు దగ్గర వేలు ఆపి, చిటికెన వేలికి కొంచెం బరువిచ్చి వదలడం అది ఈ కీల మీదే నేర్చుకుంది. కీల పైభాగం నున్నగా కాకుండా కాస్త గరుకుగా ఉంటుంది, మే నెలలో చెమట చేతులతో వాయించేవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

ఇక స్వరాన్ని నిలిపి ఉంచే పెడల్. డబ్బాలో వచ్చే డీపీ-2 ఆన్, ఆఫ్ స్విచ్ మాత్రమే. చిన్న గ్రేడ్లకి సరిపోతుంది. గ్రేడ్ 5 దాకా వచ్చాక రొమాంటిక్ శైలి (19వ శతాబ్దపు) పీసుల్లో పెడల్‌ని సగమే ఎత్తి పాత కార్డుని కొంచెం ఉంచి కొంచెం తీసేయాల్సి వస్తుంది, అది స్విచ్‌తో అయ్యే పని కాదు. విడిగా అమ్మే డీపీ-10 ఆ సగాన్ని గుర్తిస్తుంది, కింద రబ్బరు పలక ఉండటంతో గచ్చు మీద జారదు కూడా. డబ్బులు పెట్టాల్సింది ముందు దీని మీదే అని నా గట్టి నమ్మకం. కాకపోతే పరీక్ష వారంలో మాత్రం మార్చకండి, కొత్త పెడల్‌కి కాలు అలవాటు పడటానికి కనీసం నెల కావాలి.

అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి హెడ్‌ఫోన్లు వరమే. దీనికి ముందువైపు రెండు జాక్‌లున్నాయి, అమ్మాయి వాయిస్తుంటే నేనూ పక్కన కూర్చుని వినొచ్చు. అయితే చివరి వారం పది రోజుల్లో హెడ్‌ఫోన్లు పక్కన పెట్టేయండి. చెవి దగ్గర ఎడమచేయి, కుడిచేయి విడివిడిగా స్పష్టంగా వినిపిస్తాయి, గదిలోకి వచ్చేసరికి ఎడమచేయి కుడిచేతిని మింగేస్తుంది. స్పీకర్లు 11 వాట్లవి రెండు, హాలుకి చాలు. వాల్యూమ్ ఒక స్థాయిలో పెట్టి రికార్డింగ్ అయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి, ఎందుకంటే వేళ్లు ఆ స్థాయికే ఎంత బలం కావాలో లెక్క వేసుకుంటాయి.

రోజుకి ఒక్కసారి ఫోన్ పెట్టి నాలుగు పీసులూ ఆపకుండా వాయించి, అరగంట తర్వాత వినండి. వెంటనే వింటే తప్పులు తప్ప ఏమీ వినపడవు. ఆ తర్వాత తేడా వచ్చిన బార్లు మాత్రమే మెట్రోనోమ్ (టిక్ టిక్ మంటూ లయ చూపేది) పెట్టుకుని సగం వేగంతో. చాలా ఫోన్లు పెద్ద శబ్దాన్ని తగ్గించి చిన్న శబ్దాన్ని పెంచేస్తాయి, అప్పుడు మీరు కష్టపడి తెచ్చిన హెచ్చుతగ్గులన్నీ ఒకేలా వినిపిస్తాయి. ఫోన్‌ని కాస్త దూరం జరపండి, సెట్టింగ్స్‌లో ఆ సర్దుబాటుని ఆపే వీలుంటే ఆపేయండి. ఫ్యాన్ ఆపాలి, కుక్కర్ విజిల్ టైమ్ చూసుకోవాలి, పియానో ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ట్రాన్స్‌పోజ్ (శ్రుతి పైకీ కిందకీ మార్చే సెట్టింగ్) సున్నాలో ఉందా అన్నది కూడా, పిల్లలున్న ఇంట్లో అది ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియదు.

వీడియో పరీక్ష కాకుండా సెంటర్‌కి వెళ్లి అక్కడి పియానో మీద వాయించే పరీక్ష అయితే నా సలహా వేరు. దీని మీద నేర్చుకున్న వేళ్లు అసలు పియానో దగ్గర పెద్దగా తడబడవు కానీ చెవులు తడబడతాయి, చెక్క మొత్తం మోగి శబ్దం ఒంటికి తగులుతుంది, పెడల్ కింద స్వరాలు ఎక్కువసేపు నిలుస్తాయి. టీచర్ ఇంట్లోనో స్కూల్లోనో చివరి వారంలో రెండు మూడు పూటలైనా అసలు పియానో దగ్గర కూర్చోండి. వీడియో వాళ్లు ఆ పని అస్సలు చేయొద్దు, ఏ పియానో మీద పంపుతారో దాని దగ్గరే ఉండండి.

హామర్ యాక్షన్ (అసలు పియానోలా సుత్తి బరువున్న కీలు) ఉన్న ఏ డిజిటల్ పియానోకైనా ఒక ఇబ్బంది ఉంది, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా కీలు అడుగుకి తగిలే దడదడ కింది ఫ్లోర్‌కి వెళ్తుంది. స్టాండు కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే చాలావరకు తగ్గుతుంది. స్టాండు కూడా ఎక్స్ ఆకారంలో మడిచేది కాకుండా దీనికోసమే చేసిన కేఎస్‌సీ-70 చెక్క స్టాండు తీసుకోండి. ఫోర్టిస్సిమో (చాలా గట్టిగా వాయించాల్సిన చోటు) దగ్గర పియానో ఊగిందంటే ఆ ఊగడం కెమెరాలో కూడా కనిపిస్తుంది.