మానని పుండుకు ఏది మేలు: పథ్యమా, కోడిగుడ్డా, ప్రోటీన్ పొడా?

హనుమకొండ, కాజీపేట ఇళ్లలో కట్లు మార్చడానికి వెళ్తుంటాను. చక్కెర వ్యాధి ఉన్నవారికి అరికాలి పుండు నెలలు గడిచినా మానకపోతే ఇంటివాళ్లు అడిగేది ఒకటే: "సిస్టర్, చీము పడుతుందని చారన్నమే పెడుతున్నాం. గుడ్డు పెట్టవచ్చా, పొడి కొనమంటారా?"

చీము క్రిముల వల్ల పడుతుంది, గుడ్డు వల్ల కాదు, పప్పు వల్లా కాదు. కొత్త కండ పెరగాలంటే ప్రోటీన్ కావాలి. పుండు నుంచి కారే రసితో కూడా కొంత ప్రోటీన్ పోతుంది. అందుకే ఇలాంటివారికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలంటారు. 60 కిలోల మనిషికి కనీసం 75 గ్రాములన్నమాట. మూడు పూటలా చారన్నం తింటే అందులో సగం అందడం కూడా కష్టం. చక్కెర వ్యాధికి తీపి మానడం పథ్యమే, పప్పు మానడం పస్తు.

ఇక పొడి. నమలలేనివారికి, ముద్ద సహించనివారికి అది నిజంగా ఆసరా. కానీ కాజీపేటలో ఒక పెద్దాయన ఇంట్లో చూశాను: ఖరీదైన డబ్బా త్వరగా అయిపోతుందని, ఆయన భార్య గ్లాసు పాలలో ఒక్క చిన్న చెంచా వేసి ఇస్తున్నారు. కడుపులోకి వెళ్లేది ఎంత అన్నదే నా దృష్టిలో అసలు లెక్క. గుడ్డుతో ఆ పొదుపు ఉండదు. ఒకటి తింటే 6 గ్రాములు, ఖాయం. ఆయనకు రెండు గుడ్లు, రెండు పూటలా చిక్కటి పప్పు, పెరుగు, వారంలో మూడు రోజులు చికెన్ పెట్టమన్నాను. ఇన్సులిన్ మోతాదును డాక్టరు సరిచేశారు. పాలిపోయిన పుండు అడుగున కొన్ని వారాలకు ఎర్రటి కండ గింజలు గింజలుగా లేచింది. ఆ రోజు కట్టు విప్పి ఆవిడను దగ్గరికి పిలిచి చూపించాను.

కొర్రమీను మంచిదే, దొరికిన ఏ చేపైనా మంచిదే. విటమిన్ సి కోసం ఒక జామకాయ చాలు. జింకు మాత్రలు లోపం ఉంటేనే.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం ఈ లెక్క పాటించకండి, ప్రోటీన్ ఎంతో డాక్టరునే అడగండి. ఇంకొకటి, ఏం తిన్నా ఆ పాదం మీద బరువు మోపి నడుస్తుంటే లేచిన కండ మళ్లీ నలిగిపోతుంది.